గ్యాస్ డిటెక్టర్ పాఠాలు – 5: బయటికొచ్చినా మోగుతున్న మీటరు

పోయిన పాఠం చివర ఇచ్చిన సీఓ (కార్బన్ మోనాక్సైడ్) లెక్కకు వచ్చిన జవాబుల్లో ఎక్కువ భాగం 32. సరైన జవాబు అది కాదు. అందుకే ఈసారి చెప్పాల్సిన బంప్ టెస్టును (గ్యాస్ పట్టి మీటరు మోగుతుందో లేదో చూడడం) వచ్చే పాఠానికి జరిపాను. ముందు ఈ లెక్క తేలాలి, బయటికొచ్చినా మోగే మీటరు సంగతి ఆ తర్వాత.

లెక్క మళ్లీ చూడండి. అడిగింది ఒక మనిషి టీడబ్ల్యూఏ, అంటే 8 గంటల సగటు, ఎంత అని. మిర్యాలగూడలో ఒక బాయిల్డ్ రైస్ మిల్లు. బాయిలర్‌కు ఊక వేసే మనిషి చొక్కాకు మీటరుంది. ఉదయం 9 నుంచి 11 దాకా 60 పీపీఎం (గాలి పది లక్షల పాళ్లలో 60 పాళ్లు) సీఓ. 11 నుంచి 1 దాకా 40. గంటసేపు అన్నానికి బయటికి, అప్పుడు సున్నా. 2 నుంచి 5 దాకా 20. తర్వాత రెండు గంటలు ఓవర్‌టైం, 30. గంటలతో గుణించి కూడితే 120, 80, 0, 60, 60. మొత్తం 320. ఇక్కడిదాకా అందరూ బాగానే వచ్చారు. తర్వాత, పది గంటలు పనిచేశాడు కదా అని 10తో భాగించారు.

టీడబ్ల్యూఏలో భాగించేది ఎప్పుడూ 8తోనే. మనిషి మూడు గంటలు చేసినా 8, పన్నెండు గంటలు చేసినా 8. మీటరులో సీఓకు 35 పీపీఎం అనే హద్దు పెట్టిందే రోజుకు 8 గంటలు పీల్చితే ఎంత అన్న లెక్కమీద. ఓవర్‌టైం చేసినంత మాత్రాన ఒంట్లోకి పోయిన సీఓ పలచబడదు. 320ని 8తో భాగిస్తే 40, అంటే హద్దు దాటింది. 10తో భాగిస్తే 32 వచ్చి అంతా బాగున్నట్టు కనిపిస్తుంది, సూపర్‌వైజర్ సంతోషిస్తాడు. పని గంటలు పెంచేకొద్దీ తగ్గిపోయే సగటు ఎవరికి పనికొస్తుందో మీకే తెలుసు.

దామరచర్ల వైపు నుంచి ఒకాయన మాత్రం 25 అని పంపాడు. ఆయన తప్పు చేయలేదు, తన మీటరు మెనూ చూసి చేశాడు. కొన్ని మీటర్లలో రెండు పద్ధతులుంటాయి. ఒకదాంట్లో ఆన్ చేసినప్పటి నుంచి మొత్తం కూడుకుంటూ పోయి 8తో భాగిస్తుంది. రెండోదాంట్లో చివరి 8 గంటలనే లెక్కలోకి తీసుకుంటుంది. తొమ్మిదో గంట వస్తే మొదటి గంట రాలిపోతుంది. మన ఊక మనిషికి పొద్దున 60 ఉన్న రెండు గంటలూ రాలిపోయాయి, 200 మిగిలింది, 8తో భాగిస్తే 25. ఒకే మనిషి, ఒకే రోజు, ఒకచోట 40, ఇంకోచోట 25. నేను మొత్తం కూడే పద్ధతిలోనే పెడతాను. పొద్దున పీల్చింది సాయంత్రానికి లేనట్టు చూపించే అంకె నాకొద్దు.

సీఓకు 35 ఎందుకు, చట్టంలో 50 ఉంది కదా అని జడ్చర్ల నుంచి ఒకరు అడిగారు. నిజమే, 1948 ఫ్యాక్టరీల చట్టం రెండో షెడ్యూలులో సీఓకు 8 గంటల హద్దు 50 పీపీఎంగా ఉండేది. చాలా మీటర్లు కంపెనీ నుంచే 35తో వస్తాయి. దాన్ని 35లోనే ఉంచండి.

ఇక రెండో రకం మెసేజీలు. "సార్, మీటర్ ఖరాబైనట్టుంది. బయటికొచ్చిన, సున్నా చూపిస్తున్నది, అయినా కొట్టుకుంటనే ఉన్నది." ఇది చౌటుప్పల్ నుంచి వచ్చింది. అలాంటివే మరికొన్ని వచ్చాయి. మీటరు ఖరాబు కాలేదు. అది స్టెల్ అలారం.

స్టెల్ అంటే గడిచిన 15 నిమిషాల సగటు. హెచ్‌టూఎస్‌కు (హైడ్రోజన్ సల్ఫైడ్, కుళ్లిన గుడ్ల కంపు కొట్టే విషవాయువు) చాలా మీటర్లలో ఆ హద్దు 15 పీపీఎం. మిల్లు వెనక వడ్లు నానబెట్టిన నీళ్లు చేరే ట్యాంకు దగ్గరికి పోదాం. ఆ కంపు సంగతి మిర్యాలగూడ వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. పంపు ఇరుక్కుందని ఒకతను గట్టు మీద నిలబడి చూస్తున్నాడు. తొమ్మిది నిమిషాలు 2 పీపీఎం. కర్రతో అడుగు మడ్డి కదిలించగానే 40కి ఎగిరింది, ఆరు నిమిషాలు అక్కడే ఉంది. 10 దగ్గర మొదటి అలారం, 15 దగ్గర రెండోది మోగాయి. అప్పుడే దూరం జరగాలి. లెక్క కోసం మాత్రం అతను ఆరు నిమిషాలూ నిలబడ్డాడనుకుందాం.

ఆరు నలభైలు 240, తొమ్మిది రెళ్లు 18, మొత్తం 258. 15తో భాగిస్తే 17.2. స్టెల్ అలారం. ఇప్పుడతను గాలి బాగున్న చోటుకొచ్చాడు, తెర మీద సున్నా. కానీ 15 నిమిషాల కిటికీలో ఆ ఆరు నిమిషాలు ఇంకా ఉన్నాయి. తొమ్మిది నిమిషాలు గడిచినా సగటు 16. పదో నిమిషానికి ఒక నలభై జారిపోయి 13.3 అవుతుంది, అప్పుడు మోత ఆగుతుంది. అంటే బయటికొచ్చాక కూడా దాదాపు పది నిమిషాలు మోగడం మీటరు ధర్మం. ఆ పది నిమిషాలూ మళ్లీ లోపలికి పోవద్దు, నీడకు కూర్చోండి.

అదే మనిషికి టీడబ్ల్యూఏ ఎంత? 258ని 480 నిమిషాలతో భాగించండి. 0.54. తెర మీద మూడు అంకెలు వస్తాయి: పీక్ (అన్నిటికంటే ఎక్కువ చూసిన అంకె) 40, స్టెల్ 17.2, టీడబ్ల్యూఏ 0.5. రిజిస్టరులో ఏది రాస్తారో నాకు తెలుసు, 0.5. రాయాల్సింది మూడూ. లోపలికి పోవచ్చా, వద్దా అన్నది మాత్రం ఈ మూడింటిలో ఏదీ చెప్పదు. అది ఇప్పుడు తెర మీద కదులుతున్న అంకె పని. ముక్కును నమ్ముకోవడం కూడా వద్దు. హెచ్‌టూఎస్ 100 పీపీఎం దగ్గరికొస్తే వాసన పట్టే శక్తే పోతుంది. కంపు తగ్గింది కదా అని దిగడం అక్కడే ప్రాణం మీదికొస్తుంది.

ఇప్పుడు నాకు చిరాకు తెప్పించే విషయం. మోత ఆగట్లేదని మీటరు ఆఫ్ చేసి ఆన్ చేయడం. "రీస్టార్ట్ చేస్తే మంచిగైంది సార్" అని రాస్తున్నారు. మంచిగవలేదు. జ్వరం పోవాలని థర్మామీటర్ విదిలించినట్టుంది. చాలా మీటర్లలో ఆఫ్ చేస్తే పీక్, స్టెల్, టీడబ్ల్యూఏ మూడూ సున్నాకు పోతాయి. మన ఊక మనిషి మధ్యాహ్నం అన్నానికి పోయేటప్పుడు బ్యాటరీ ఆదా అని ఆఫ్ చేస్తే పొద్దున పీల్చిన 200 గల్లంతు. సాయంత్రం మీటరు 120ని 8తో భాగించి 15 చూపిస్తుంది. నిజం 40. అలారం మోగదు, రికార్డు శుభ్రంగా ఉంటుంది, మనిషికి తలనొప్పి.

అంతటితో అయిపోలేదు. ఆన్ చేయగానే తనంతట తానే సున్నా సరిచేసుకునే సెట్టింగు మీ మీటరులో ఉందనుకోండి. బాయిలర్ పక్కనే నిలబడి ఆన్ చేశారు, అక్కడ 20 సీఓ ఉంది. మీటరు ఆ 20నే సున్నా అనుకుంటుంది. తర్వాత 60 ఉన్నచోట 40 చూపిస్తుంది. మంచి గాలిలోకి వస్తే సున్నా కంటే కిందికి పోతుంది, లేదా ఎర్రర్ చూపిస్తుంది, మళ్లీ మీటరు ఖరాబని నాకు మెసేజ్. ఆన్ చేసేది గేటు బయట, లారీ ఇంజన్లకు దూరంగా. ఒకసారి ఆన్ అయితే షిఫ్టు అయ్యేదాకా ఆఫ్ చేయొద్దు. టీకి పోయినా, అన్నానికి పోయినా, బాత్రూంకు పోయినా చొక్కా మీదే ఉండాలి. ఉన్నది ఒక్క మీటరే అని ఇద్దరు పంచుకుంటే టీడబ్ల్యూఏ ఇద్దరిలో ఎవరిదీ కాదు. రెయిలింగుకు తగిలించి మనిషి కిందికి దిగితే ఆ లెక్క రెయిలింగుది. ఛాతీ మీద, ముక్కుకు 30 సెంటీమీటర్ల లోపు పెట్టుకోండి. ఊక దుమ్ము పడుతుందని పాలిథిన్ కవర్లో పెట్టి రబ్బరు బ్యాండు వేసిన మీటరు ఫోటో కూడా వచ్చింది. గాలి తగలని మీటరుకు ఏం తెలుస్తుంది?

మిగిలినవి త్వరగా. ఏమీ లేకపోయినా అప్పుడప్పుడు ఒక్కసారి బీప్ అనడం అలారం కాదు, మీటరు బతికే ఉన్నానని చెబుతుంది. తెర మీద ఓఎల్ అని వస్తే సెన్సర్ కొలవగలిగిన దానికంటే ఎక్కువుందని అర్థం, సున్నా అని కాదు, వెంటనే బయటికి రండి. మండే గ్యాస్ అంకె ఎక్కువై హఠాత్తుగా తగ్గినా అదే పని. చాలా మీటర్లలో ఆ సెన్సర్‌కు ఆక్సిజన్ కావాలి, గాలిలో అది లేకపోతే గ్యాస్ నిండా ఉన్నా తక్కువ చూపిస్తుంది.

ఆక్సిజన్ అలారం 19.5 శాతం దగ్గర మోగుతుంది. మోగలేదు కదా అని 20.1 దగ్గర ధీమాగా ఉండొద్దు. గాలిలో ఆక్సిజన్ దాదాపు అయిదో వంతు. వేరే వాయువు చొరబడి ఆక్సిజన్‌ను ఒక శాతం తగ్గించిందంటే, దాదాపు అయిదు శాతం గాలి స్థానంలో ఆ వాయువే ఉన్నట్టు. 20.9 నుంచి 20.1కి పడితే ఆ లెక్కన నాలుగు శాతం, 40,000 పీపీఎం. తడి వడ్లు పడి ఉన్న ఎలివేటర్ గుంటలో అది కార్బన్ డయాక్సైడ్ కావచ్చు, మన నాలుగు గ్యాసుల మీటరులో దానికి సెన్సరే లేదు. గుంటలో ఆక్సిజన్ అర శాతం తగ్గినా నేను ఎవరినీ దింపను, ముందు బ్లోయర్ పెట్టిస్తాను.

అభ్యాసం. ఈసారి కొంచెం కష్టం, కాగితం మీద చేయండి, ఫోన్‌లో కాదు. ఎఫ్లుయెంట్ (మురుగు నీళ్లు శుద్ధి చేసే) ప్లాంటులో ఒకతని షిఫ్టు, హెచ్‌టూఎస్. ఉదయం 7 నుంచి 9 దాకా 3 పీపీఎం. 9:00 నుంచి 9:04 దాకా 55. 9:04 నుంచి 9:30 దాకా 1. 9:30 నుంచి 9:40 దాకా టీకి బయట మంచి గాలిలో, మీటరు ఆఫ్. 9:40కి ఆన్, మధ్యాహ్నం 1 దాకా 2.

9:04కు స్టెల్ ఎంత? ఆ మోత ఎన్ని గంటలకు ఆగుతుంది? 1 గంటకు అతని అసలు టీడబ్ల్యూఏ ఎంత, మీటరు చూపించే టీడబ్ల్యూఏ ఎంత, మీటరులో పీక్ ఎంత? జవాబు ఒక్కటే పంపితే చూడను, నిమిషాల పట్టిక కూడా కావాలి. మీ మీటరు ఆఫ్ చేసి ఆన్ చేశాక టీడబ్ల్యూఏ నిలబెట్టుకుంటుందా, లేదా అన్నది మాన్యువల్ చూసి పైన ఒక లైన్ రాయండి.