‘నేను నరకానికి పోతానా?’ అని పిల్లలు అడిగితే ఏం చేయాలి?

ఈ ప్రశ్న పగలు రాదు. లైటు తీసేశాక, మీకు సగం నిద్ర పట్టేశాక వస్తుంది. మీ నోటికి జవాబు సిద్ధంగా ఉంటుంది: "ఛ, నువ్వెందుకు పోతావురా, పడుకో." నేను చాలా ఏళ్ళుగా స్కూలు పిల్లలకు కౌన్సెలింగ్ చేస్తున్నాను. పిల్ల నా దగ్గరికి వచ్చేసరికే ఆ ఇంట్లో ఆ "పడుకో" కొన్ని వందలసార్లు అయిపోయి ఉంటుంది. అందుకే కాస్త విసుగ్గా రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

ఏ మతం అని అడగకండి. అన్ని మతాల ఇళ్ళ నుంచీ పిల్లలు వచ్చారు. దేవుడి గురించి చెప్పడం వేరు, బెత్తం బదులు దేవుణ్ణి వాడుకోవడం వేరు. ఇక్కడ మాట్లాడుతున్నది రెండో దాని గురించే.

కావలసినవి: ఒక పాత నోటుబుక్కు, పెన్సిలు, ముళ్ళున్న గడియారం, ఇంట్లో పెద్దవాళ్ళందరూ ఒక మాట మీద ఉండటం. పెన్ను పనికిరాదు, పెన్సిలే ఉండాలి. సెల్‌ఫోన్ పక్క గదిలో పెట్టేయండి. మీరు నేల మీద కూర్చోవాలి, మంచం మీద కాదు. దీనికి శాస్త్రం ఏదో ఉందని చెప్పను గానీ, మంచం మీద కూర్చుని ఈ పని సరిగ్గా చేసినవాళ్ళను నేను చూడలేదు.

మొదటి అడుగు, గుర్తుపట్టడం. చాలామంది పిల్లలు ఈ ప్రశ్న అసలు అడగరు. లోలోపలే ప్రార్థించుకుంటూ పెదవులు కదులుతుంటాయి, మధ్యలో ఎవరైనా పలకరిస్తే ఉలిక్కిపడి మళ్ళీ మొదటి నుంచి అందుకుంటారు. ఎవరూ చూడని తప్పులకు కూడా వచ్చి క్షమాపణ అడుగుతారు. రాత్రి లేచి మీరు ఊపిరి పీలుస్తున్నారో లేదో చూసి వెళ్తారు. మతపాఠం ఉన్న రోజునే కడుపునొప్పి వస్తుంది. వీటిలో రెండు కనిపించినా భక్తి ఎక్కువైందని మురిసిపోకండి.

ఇంత పెద్ద భయం పట్టడానికి రోజూ బెదిరించాల్సిన పనిలేదు. ఒక్క మాట చాలు, మిగతాది పిల్లలే కట్టుకుంటారు. నాకు ఆరేడేళ్ళప్పుడు మా ఇంట్లోని పవిత్ర గ్రంథం చివరి కాగితం చింపి పడవ చేశాను. మర్నాడు మా నాన్నమ్మ మెట్ల మీద జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఈ రెంటికీ సంబంధం ఉందని నాకెవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ లేకపోయింది. జాన్ పియాజే అనే స్విస్ మనస్తత్వవేత్త 1932లో దీని గురించే రాశాడు. దొంగతనం చేసి పారిపోతున్న పిల్లవాడి కాళ్ళకింద వంతెన విరిగిందని కథ చెప్పి, ఎందుకు విరిగిందని అడిగితే, చిన్నపిల్లల్లో చాలామంది దొంగతనం చేశాడు కాబట్టే విరిగిందన్నారట. వయసు పెరిగేకొద్దీ అలా చెప్పేవాళ్ళు తగ్గిపోయారు. కానీ ఆ వయసులో పడ్డ భయం మాత్రం వయసుతో పాటు తగ్గిపోదు. నాకిప్పుడు సగం జుట్టు నెరిసింది. ఆ పుస్తకం చేతిలోంచి జారితే, ఇంట్లో అందరూ క్షేమంగా ఉన్నారా అని ఇప్పటికీ ఒకసారి లెక్క చూసుకుంటాను. ఆ తర్వాతే వంగి తీస్తాను.

రెండో అడుగు, బెదిరింపు ఆపడం. "దేవుడు చూస్తున్నాడు", "కళ్ళు పోతాయి", "పాపం తగులుతుంది" అన్న మూడు మాటలూ ఇంట్లోంచి పోవాలి. మీరే అన్నారా? వెనక్కి తీసుకోండి: "ఆ రోజు నువ్వు మాట వినలేదని కోపంలో అలా అన్నాను. అలా బెదిరించడం నాదే తప్పు." అంతే, ఉపన్యాసం వద్దు. తాతయ్యలు, అమ్మమ్మలు అని ఉంటే వాళ్ళతో పిల్లల ముందు కాకుండా, గౌరవంగా, విడిగా మాట్లాడండి. మతపాఠం చెప్పే చోట ఏ బొమ్మలు చూపిస్తున్నారో ఒకసారి మీరు వెళ్ళి చూడండి.

ఇక మూడో అడుగు. అందరూ బోల్తా పడేది ఇక్కడే కాబట్టి నిదానంగా చదవండి.

కుక్కంటే భయపడే పిల్లవాడికి కుక్కను చూపించవచ్చు. నాలుగు రోజులు చూశాక అది కరవలేదని వాడికే తెలుస్తుంది, భయం సడలుతుంది. నరకాన్ని చూపించలేం. అది లేదని ఈ జన్మలో ఎవరూ పరీక్షించి తేల్చలేరు. పైగా కుక్క నుంచి పారిపోయి తలుపేసుకోవచ్చు. మనసులో మాట కూడా వినేవాడి నుంచి ఎక్కడికి పారిపోతారు? దాక్కునే చోటు లేదు, తేల్చుకునే దారి లేదు. అందుకే ఈ భయం మిగతా చిన్ననాటి భయాల్లా పెద్దయ్యాక ఊడి పడిపోదు. దేవుణ్ణి నమ్మడం ఎప్పుడో మానేసిన వాళ్ళు కూడా నలభై ఏళ్ళప్పుడు ఒంట్లో బాగాలేక స్కానింగ్‌కి వెళ్ళి, "ఇది ఆ తప్పుకేనేమో" అనుకుంటారు.

ఇలాంటి భయానికి జవాబు చెబితే ఏమవుతుందో చూడండి. "పోవులే" అన్నారు. గుండె తేలికపడింది, నిద్రపోయింది. మర్నాడు మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పారు. వారం తిరిగేసరికి మీ మాట లేనిదే నిద్ర రాదు. తర్వాత ఒకసారి చెబితే చాలదు, మూడుసార్లు చెప్పాలి, అదీ సరైన గొంతుతో చెప్పాలి. దురదకు గోకడం ఎలాంటిదో భయానికి ధైర్యం చెప్పడం అలాంటిది. గోకినంతసేపూ హాయిగానే ఉంటుంది.

"నువ్వు మంచిగా ఉంటే పోవులే" అనేది దీనికన్నా అన్యాయం. మంచిగా అంటే ఎంత? ఎనిమిదేళ్ళ పాప ఒకతి ఆ 'ఎంత' లెక్కకట్టింది. రాత్రి ఏడుసార్లు ఏడేసి క్షమాపణలు. మధ్యలో దగ్గు వస్తే లెక్క మళ్ళీ మొదటికి. దిండు కింద వేళ్ళు మడిచి లెక్కపెట్టుకునేది, అమ్మకు తెలియకూడదని. పన్నెండు దాటేదాకా పడుకునేది కాదు. వాళ్ళమ్మ మాత్రం, పాప బళ్ళో నిద్రపోతోందని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది.

"నరకం లేదు, గిరకం లేదు, అంతా కట్టుకథ" అనే తండ్రులు ఇంకొక రకం. మీరు నమ్మకపోవడం మీ ఇష్టం. కానీ భయంలో ఉన్న పిల్లవాడికి ఆ మాట ఎలా వినిపిస్తుందో తెలుసా? నాన్న నరకానికి పోతాడన్నమాట! ఆ రోజు నుంచి వాడు ఇద్దరి కోసం ప్రార్థించాలి. ఇలా పని రెట్టింపైన పిల్లల్ని నేను చాలామందినే చూశాను. ఎంత తెలివైన వాదనైనా సరే, రాత్రి పూట వద్దు.

మరి ఏం చేయాలి? మొదటిసారి అడిగినప్పుడు, ఒక్కసారి మాత్రం, మీరు నిజంగా నమ్మేది చెప్పండి. "తప్పు చేసిన పిల్లల్ని కాల్చే దేవుణ్ణి నేను నమ్మను" అన్నా సరే, "నాకు తెలియదు, నేనూ ఆలోచిస్తుంటాను" అన్నా సరే. అబద్ధం మాత్రం ఆడకండి, పట్టేసుకుంటారు. రెండోసారి నుంచి జవాబు ఉండదు. ఇలా అనండి: "మళ్ళీ వచ్చిందా ఆ ప్రశ్న? ఇది నువ్వు అడగట్లేదు తల్లీ, నీ భయం అడుగుతోంది. దానికి మనం జవాబు చెప్పం. ఇప్పుడు పదికి ఎంత ఉంది భయం?" పిల్ల ఎనిమిది అంటుంది. నోటుబుక్కులో పెన్సిలుతో ఎనిమిది వేయండి. గడియారం చూడండి. పక్కనే కూర్చోండి. ఐదు నిమిషాలకు మళ్ళీ అడగండి.

మొదటి రాత్రి నరకమే, ఆ మాటే వాడినందుకు ఏమీ అనుకోకండి. ఏడుస్తుంది. "ఒక్కసారి చెప్పమ్మా, ఒక్కసారే" అంటుంది. మీ కడుపు తరుక్కుపోతుంది, నోరు జారబోతారు. జారకండి. జవాబు ఆపమన్నాను గానీ ఒడి ఆపమనలేదు. తల నిమరండి, నీళ్ళివ్వండి, ఒళ్ళో పడుకోబెట్టుకోండి. "చాలా కష్టంగా ఉంది కదూ" అనండి. కళ్ళెర్రజేసి, బిగుసుకుపోయి కూర్చునేవాళ్ళు ఈ పని మొదలుపెట్టకపోవడమే మంచిది. వాళ్ళ దగ్గర పిల్లలు భయపడటం మానరు, చెప్పడం మానేస్తారు. ఎనిమిది ఏడవుతుంది, ఒక్కోసారి తొమ్మిది కూడా అవుతుంది. ఆ తర్వాత దిగుతుంది. ఎవరూ ఏమీ చెప్పకుండానే దిగిందని ఆ పిల్ల తన కళ్ళతో ఆ కాగితం మీద చూడాలి. దేవుడు ఉన్నాడా, నరకం ఉందా అన్నది తేలకపోయినా భయం దిగుతుందని ఒళ్ళు నేర్చుకోవాలి. పెన్సిలు ఎందుకంటే, పిల్లలు అంకెను దిద్దుకుంటారు. పెన్నుతో వేస్తే ఆ అంకె కూడా ఒక తప్పయి కూర్చుంటుంది.

ఇంకొక చిక్కు ఉంది. కొందరు పిల్లలకు ప్రార్థన మధ్యలో దేవుడి మీద బూతుమాట మనసులోకి వస్తుంది. దాన్ని తోసేయమని మాత్రం చెప్పకండి. డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వవేత్త, అతని తోటివాళ్ళు 1987లో అమెరికాలో ఒక ప్రయోగం చేశారు. తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించవద్దు, గుర్తొస్తే గంట కొట్టండి అన్నారు. గంటలు మోగుతూనే ఉన్నాయి. ఇక ఆలోచించవచ్చు అన్నాక, మొదటి నుంచీ ఆలోచించమన్న వాళ్ళకన్నా వీళ్ళకే అది ఎక్కువగా వచ్చింది. పిల్లలతో నేను ఈ ఆట ఆడతాను. నిమిషంలో నవ్వేస్తారు. "వచ్చినంత మాత్రాన నువ్వు పిలిచినట్టు కాదు" అంటే అప్పుడు అర్థమవుతుంది. ముందే అంటే అర్థం కాదు, కాబట్టి ఆట ముందు, మాట తర్వాత.

నాలుగో అడుగు సులువు. పిల్ల రహస్యంగా చేసుకునే లెక్కల్ని, మళ్ళీ మళ్ళీ చేసే ప్రార్థనల్ని ఒక్కసారిగా మాన్పించకుండా వాయిదా వేయించండి. ఇవాళ ఐదు నిమిషాలు ఆగి, రేపు పది. ఇంటిల్లిపాదీ చేసే మామూలు ప్రార్థన మాత్రం ఉండనివ్వండి. భయం పోగొడుతున్నామని పిల్లచేత వాళ్ళ మతంలో నిజంగా తప్పైన పని చేయించకూడదు. ఆ ప్రార్థన ఒక్కసారి చేసి లేచిపోవడమే అసలు సాధన.

రోజుకు గంటకు మించి ఈ తంతులోనే పోతున్నా, తిండి, నిద్ర, బడి దెబ్బతిన్నా, చచ్చిపోతే బాగుండునని పిల్ల అన్నా నోటుబుక్కు పక్కన పెట్టి పిల్లల మానసిక వైద్యుల దగ్గరికి వెళ్ళండి. చచ్చిపోవడం మాట వస్తే ఆ రోజే వెళ్ళాలి. పాపపుణ్యాల లెక్కల్లో మునిగిపోయే ఈ స్థితికి వైద్యంలో పేరుంది, స్క్రూపులాసిటీ. దీన్ని ఓసీడీలో, అంటే వద్దన్నా అవే ఆలోచనలు వచ్చి, అవే పనులు మళ్ళీ మళ్ళీ చేయించే మానసిక జబ్బులో, ఒక రకంగా చూస్తారు. లాటిన్‌లో ఆ మాటకు మూలం చిన్న పదునైన రాయి, మన చెప్పులో రాయి లాంటిదే. కొత్తదేమీ కాదు. పదహారో శతాబ్దంలో ఇగ్నేషియస్ లయోలా అంతటి క్రైస్తవ మతగురువు కూడా, శిలువ ఆకారంలో పడి ఉన్న రెండు గడ్డిపరకల్ని తొక్కినవాడు పాపం చేశానేమో, చేయలేదేమో అని ఎలా కొట్టుమిట్టాడతాడో రాశాడు. పిల్లకు ఈ సంగతి చెప్పండి. ఒక్కదాన్నే కాదని తెలిస్తే చాలా బరువు దిగుతుంది. చికిత్స ఉంది. పైన చెప్పిన మూడో అడుగు, నాలుగో అడుగులనే వైద్యులు పద్ధతిగా, మెట్టుమెట్టుగా చేయిస్తారు, అవసరమైతే మందులూ ఇస్తారు.

నెలా రెండు నెలల్లో నోటుబుక్కులో రెండు, మూడు లాంటి చిన్న అంకెలే కనిపిస్తాయి. అప్పుడు దాన్ని పారేయకండి, అలమరలో పెట్టండి. పరీక్షలొచ్చినప్పుడో, ఇంట్లో ఎవరైనా పోయినప్పుడో, ఏ కారణమూ లేకుండానో ఒక రాత్రి ఎనిమిది తిరిగొస్తుంది. ఒకసారి నేర్చుకున్న భయం చెరిగిపోదు, దాని మీద కొత్త పాఠం పడుతుంది అంతే. కింద ఉన్నది అప్పుడప్పుడు పైకి తేలుతుంది. "చేసిందంతా గంగలో కలిసింది" అని తల పట్టుకుని మొదటి అడుగు నుంచి మొదలుపెట్టే వాళ్ళుంటారు. వద్దు. అలమర తెరిచి నోటుబుక్కు తీయండి, పాత పేజీలు ఆ పిల్లనే తిప్పి చూడమనండి. పెన్సిలు కూడా ఈసారి తన చేతికే ఇవ్వండి.