దిగుమతి రసాయనాల పన్ను తగాదాలు – 4వ పాఠం: కలిపింది ఎందుకు?

దిగుమతి సుంకాల పట్టిక (కస్టమ్స్ టారిఫ్)లో ఒకే రసాయనమైతే, అకర్బన రసాయనం 28వ చాప్టర్‌కు, కర్బన రసాయనం 29కి, మిశ్రమమైతే ఎక్కువసార్లు 38కి అని పోయిన పాఠంలో చెప్పుకున్నాం. కాగితం మీద ఇంతే. రేవులో కంటైనర్ దిగాక అసలు పేచీ మొదలవుతుంది. ఎందుకంటే చాలా సరుకులు ఒంటరిగా రావు. గడ్డకట్టకుండా ఒకటి, దుమ్ము రేగకుండా ఇంకొకటి కలిపే పంపుతారు.

అప్పుడు 29వ చాప్టర్ మొదటి నోటు తెరవండి. సరుకు పాడవకుండా, రవాణాలో ఇబ్బంది రాకుండా తప్పనిసరిగా కలిపే స్టెబిలైజర్‌ను అది ఒప్పుకుంటుంది. నీళ్లలో కరిగించినా ఒప్పుకుంటుంది. వేరే ద్రావకమైతే మాత్రం అది భద్రతకో రవాణాకో మామూలుగా అవసరమైనదై ఉండాలి. పైగా, ఆ కలిపిన దానివల్ల సరుకు ఫలానా ఒక్క పనికే ప్రత్యేకంగా పనికొచ్చేలా మారకూడదు.

నేను దీన్ని వంటింటి లెక్కలో గుర్తుపెట్టుకుంటాను. కందిపప్పుకు పురుగు పట్టకుండా ఆముదం పట్టిస్తే అది కందిపప్పే. వేయించి, ఉప్పూ ఎండుమిరపకాయలూ వేసి పొడి కొడితే కందిపొడి.

ఇప్పుడు మన రొయ్యల గుంటల దగ్గరికి వద్దాం. 1999లో ఒక దిగుమతిదారు ఫీడ్ గ్రేడ్ విటమిన్ ఇ-50 పొడి తెప్పించి, 2309 హెడ్డింగ్ (చాప్టర్ లోపలి నాలుగంకెల విభాగం) కింద రొయ్యల మేతగా చూపించారు. అప్పటి 20/1999 సుంకం రాయితీ నోటిఫికేషన్ ప్రకారం 30 శాతం బదులు 5 శాతం సుంకం చాలన్నారు. కస్టమ్స్ వాళ్లు ఒప్పుకోలేదు. ఇది మేతలో వేసే దినుసు, మేత కాదన్నారు. ఆ గొడవ సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల ధర్మాసనం దాకా వెళ్లింది. అదే దిలీప్ కుమార్ కేసు. రాయితీ నోటిఫికేషన్‌లో సందేహముంటే దాని లాభం ప్రభుత్వానికే అనీ, రాయితీ తనకు వర్తిస్తుందని అడిగినవాడే నిరూపించుకోవాలనీ 2018 జూలై 30న తేల్చారు. సందేహముంటే లాభం పన్ను కట్టేవాడికే అన్న 1997 నాటి సన్ ఎక్స్‌పోర్ట్ తీర్పును పక్కన పెట్టారు.

కొత్తవాళ్లు ఇక్కడే తడబడతారు. సరుకు ఏ హెడ్డింగ్‌లోకి వస్తుందన్నది ఒక తగాదా. మనం చూపిన హెడ్డింగ్ తప్పని కస్టమ్స్ డిపార్ట్‌మెంట్ అంటే, ఆ మాట నిరూపించాల్సింది వాళ్లే. రాయితీ వర్తిస్తుందా అన్నది వేరే తగాదా, అక్కడ నిరూపించే బరువు దిగుమతిదారు తరఫున మనది. కస్టమ్స్ నోటీసుకు నేను రాసిన మొదటి జవాబులో రెంటినీ ఒకే పేరాలో కలిపేసి, మాకు నిరూపించే బాధ్యతే లేదని దబాయించాను. మా సీనియర్ అది చదివి, ఏమీ అనకుండా ఎర్ర పెన్ను తీశారు.

ఇంకో మాట. తయారీదారు సాంకేతిక వివరాల పత్రం కన్నా ముందు అమ్మకాల కరపత్రం చదవండి. కెమిస్ట్ ఎంత జాగ్రత్తగా రాసినా, సేల్స్ వాళ్లు ‘రొయ్యల కోసమే ప్రత్యేకంగా’ అని రంగుల్లో అచ్చేస్తారు. నోటీసులో మొదట కనిపించేది ఆ వాక్యమే.

అభ్యాసం: ఒకే బ్లీచింగ్ పౌడర్ రెండు రకాలుగా వచ్చింది. ఒకటి పెద్ద డ్రముల్లో, పేరు తప్ప ఏమీ రాయకుండా. రెండోది చిల్లర అమ్మకానికి కిలో ప్యాకెట్లలో, ‘క్రిమిసంహారిణి’ అన్న ముద్రతో. ఒకటి 2828, ఇంకొకటి 3808. ఏది ఎక్కడికి, ఎందుకు? టారిఫ్ ఆరో సెక్షన్ (28 నుంచి 38 దాకా చాప్టర్లున్న భాగం) రెండో నోటు చూసి అయిదు వాక్యాల్లో రాయండి. అయిదో పాఠం మీ జవాబుతోనే మొదలుపెడదాం.