వైర్‌లెస్ హార్డ్‌వేర్ సిగ్నల్ ప్రాసెసింగ్‌లో పోస్ట్‌డాక్: ముందు కొలవండి, తర్వాతే అల్గారిథం

పీహెచ్‌డీ అంతా సిమ్యులేషన్‌లోనే గడిచిపోయి, ఇప్పుడు నిజం హార్డ్‌వేర్ ఉన్న ల్యాబ్‌లో పోస్ట్‌డాక్ చేద్దామని చూస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నా. థియరీ గట్టిగా తెలిసినవాళ్లు చాలామంది దొరుకుతారు, ఆర్‌ఎఫ్ (రేడియో ఫ్రీక్వెన్సీ) సర్క్యూట్లు డిజైన్ చేసేవాళ్లూ దొరుకుతారు. పాడైన సిగ్నల్‌ని చూసి, ఇందులో యాంప్లిఫయర్ తప్పెంత, ఆసిలేటర్ తప్పెంత, మన కొలత తప్పెంత అని విడదీసి చెప్పగలిగేవాళ్లే తక్కువ. మీరు ఆ మనిషి అవ్వాలి.

అప్లికేషన్లు మొదలుపెట్టేముందు ఒక్క హార్డ్‌వేర్ లోపాన్ని పట్టుకోండి, అన్నీ కాదు. మిల్లీమీటర్ వేవ్ (చాలా ఎక్కువ ఫ్రీక్వెన్సీల రేడియో) ఇష్టమైతే ఫేజ్ నాయిస్, అంటే ఆసిలేటర్ ఫేజ్‌లో వచ్చే చిన్న చిన్న వణుకు, మంచి సమస్య: ఒక ఆసిలేటర్ ఫ్రీక్వెన్సీని పది రెట్లు పెంచితే దాని ఫేజ్ నాయిస్ కనీసం 20 డీబీ పెరుగుతుంది, తప్పించుకునే దారి లేదు. తక్కువ బిట్ల ఏడీసీల (అనలాగ్ సిగ్నల్‌ని అంకెలుగా మార్చే సర్క్యూట్ల) మీద పని చేస్తే 1952 నాటి బస్‌గాంగ్ సిద్ధాంతం రోజూ అవసరం పడుతుంది: నాన్‌లీనియర్ పరికరం అవుట్‌పుట్‌ని, స్కేల్ చేసిన ఇన్‌పుట్, మిగిలిన డిస్టార్షన్ అని రెండుగా విడదీయడానికి అదే ఆధారం. కానీ ఒక జాగ్రత్త. ఆ సిద్ధాంతం చెప్పేది డిస్టార్షన్‌కి ఇన్‌పుట్‌తో కోరిలేషన్ ఉండదని మాత్రమే, రెండూ స్వతంత్రం అని కాదు, వేర్వేరు యాంటెన్నాల డిస్టార్షన్‌ల మధ్య కోరిలేషన్ ఉండదని అసలే కాదు. యూజర్లు తక్కువగా ఉన్నప్పుడు ఆ డిస్టార్షన్ కూడా బీమ్‌ఫార్మ్ అయి (యాంటెన్నాలన్నిటి నుంచి ఒకే దిక్కుకి కూడి) యూజర్ వైపే వెళ్లొచ్చు. దీన్ని పట్టించుకోని పేపర్లు చాలానే ఉన్నాయి, ఇంటర్వ్యూలో అడిగే ప్రశ్న కూడా ఇదే కావచ్చు.

ఎటూ తేలకపోతే పవర్ యాంప్లిఫయర్ తీసుకోండి. నా సలహా అదే, ఎందుకంటే చేతికి డేటా దొరికే అవకాశం ఎక్కువ. స్వీడన్‌లోని చామర్స్ యూనివర్సిటీవాళ్లు పెట్టిన ఆర్‌ఎఫ్ వెబ్‌ల్యాబ్ లాంటివి, ఎక్కడో ఉన్న యాంప్లిఫయర్‌కి ఇంటర్నెట్‌లో మన సిగ్నల్ పంపి కొలుచుకోడానికే పుట్టాయి. అవి కుదరకపోతే ఎవరి దగ్గరైనా యూఎస్‌ఆర్‌పీ (సాఫ్ట్‌వేర్‌తో నడిపే రేడియో బోర్డు) అడిగి, ఒక చవక యాంప్లిఫయర్ తగిలించినా చాలు. రిసీవర్ కాలిపోకుండా మధ్యలో సిగ్నల్ పవర్ తగ్గించే అటెన్యుయేటర్ పెట్టడం మాత్రం మర్చిపోవద్దు.

పని ఇలా చేయండి. తెలిసిన ఓఎఫ్‌డీఎం (4జీ, 5జీలో వాడే రకం) సిగ్నల్ పంపి, అవుట్‌పుట్ రికార్డు చేసి, రెండింటినీ టైంలో కలపండి, అదీ శాంపిల్‌లో భిన్నం వరకు. తర్వాత ఇన్‌పుట్ ఆంప్లిట్యూడ్‌కి గెయిన్ ఎలా మారుతోందో గ్రాఫ్ గీయండి. గీత సన్నగా రాకుండా మబ్బులా మందంగా వస్తే అందరూ వెంటనే మెమరీ ఎఫెక్ట్ (అవుట్‌పుట్ పాత శాంపిల్స్ మీద కూడా ఆధారపడటం) అంటారు, కానీ టైం అలైన్‌మెంట్ కాస్త తప్పినా అదే మందం వస్తుంది, కాబట్టి ముందు దాన్ని అనుమానించండి. ఆ తర్వాతే, పాత శాంపిల్స్‌ని కూడా లెక్కలోకి తీసుకునే మెమరీ పాలినోమియల్ మోడల్ వేసి లీస్ట్ స్క్వేర్స్‌తో కోఎఫిషియెంట్లు తీయండి. మ్యాట్రిక్స్ కండిషన్ నంబర్ (లెక్క ఎంత అస్థిరమో చెప్పే అంకె) భయంకరంగా వస్తే టెన్షన్ పడకండి, పాలినోమియల్ బేసిస్‌తో అది మామూలే, కొంచెం రెగ్యులరైజేషన్ (కోఎఫిషియెంట్లు మరీ పెరిగిపోకుండా పట్టే పదం) వేస్తే సరిపోతుంది. ఐదో ఆర్డర్ నాన్‌లీనియారిటీ బ్యాండ్‌విడ్త్‌ని ఐదు రెట్లు చేస్తుంది, అంటే 100 మెగాహెర్ట్జ్ సిగ్నల్‌కి 500 మెగాహెర్ట్జ్ చూడాలి. మీ రిసీవర్ అంత చూడలేకపోతే సిగ్నల్‌నే సన్నగా చేయండి. మోడల్‌ని ఫిట్ చేసిన డేటా మీదే పరీక్షించకండి, వేరే సిగ్నల్ వాడండి. ఎన్‌ఎంఎస్ఈ (సిగ్నల్ పవర్‌తో పోల్చిన ఎర్రర్ పవర్) ఒక్కటే చూపిస్తే ఎవరూ నమ్మరు, ఎందుకంటే అందులో బ్యాండ్ లోపలి ఎర్రర్‌దే పెద్ద వాటా, పక్క ఛానల్‌లోకి కారేది దాదాపు కనిపించదు. ఏసీఎల్‌ఆర్ (పక్క ఛానల్‌లోకి కారే పవర్ కన్నా మన ఛానల్ పవర్ ఎంత ఎక్కువో), ఈవీఎం (అందిన సింబల్స్ అసలు స్థానం నుంచి ఎంత జరిగాయో) కూడా పెట్టండి. మొబైల్ ప్రమాణాలు రాసే 3జీపీపీ ప్రకారం 5జీ బేస్ స్టేషన్‌కి 256 క్వామ్‌లో (ఒక్కో సింబల్‌కి 8 బిట్లు పంపే మాడ్యులేషన్) ఈవీఎం 3.5 శాతం దాటకూడదు, ఎఫ్‌ఆర్1లో (5జీ తక్కువ ఫ్రీక్వెన్సీ బ్యాండ్లలో) ఏసీఎల్‌ఆర్ కనీసం 45 డీబీ ఉండాలి. మీ అంకెలు వాటికి ఎంత దూరంలో ఉన్నాయో రాయండి, దూరంగా ఉన్నా పర్లేదు.

ఇక ప్రొఫెసర్‌కి మెయిల్. చిన్నది రాయండి: ఒక గ్రాఫ్, మీ మోడల్ ఎక్కడ సరిపోయింది, ఎక్కడ సరిపోలేదు, సరిపోనిచోట కారణం ఏమై ఉంటుందని మీ అనుమానం. వాళ్ల పేపర్లు అద్భుతంగా ఉన్నాయని మూడు పేరాలు రాసిన మెయిల్ కన్నా ఈ అనుమానానికే జవాబు వస్తుంది. యూరప్‌లో మేరీ క్యూరీ ఫెలోషిప్ చూస్తున్నవాళ్లు మొబిలిటీ నియమం ముందే చూసుకోవాలి: మామూలుగా అయితే, డెడ్‌లైన్‌కి ముందు 36 నెలల్లో చేరబోయే దేశంలో 12 నెలలకు మించి ఉంటే అర్హత పోతుంది.

ఇంటర్వ్యూలో మీరూ అడగండి. సిగ్నల్ ఎనలైజర్ బ్యాండ్‌విడ్త్ ఎంత, బెంచ్‌ని (కొలత పరికరాల సెటప్‌ని) ఎంతమంది పంచుకుంటారు, కంపెనీ డబ్బు ఇస్తుంటే పేపర్ పంపేముందు వాళ్ల అనుమతి కావాలా, దానికి ఎంతకాలం పడుతుంది. చివరిది అడగడానికి చాలామంది మొహమాటపడతారు. రెండేళ్ల కాంట్రాక్టులో అనుమతికే నెలలు పోతే నష్టపోయేది మీరే.

చేరాక మొదటి పని, యాంప్లిఫయర్ తీసేసి కేబుల్‌తో ట్రాన్స్‌మిటర్‌ని రిసీవర్‌కి నేరుగా కలిపి ఈవీఎం కొలవడం. బెంచ్ సొంత లోపం ఎంతో తెలియకుండా తీసిన ఏ అంకెకీ విలువ లేదు. పరికరాలన్నీ ఒకే 10 మెగాహెర్ట్జ్ రిఫరెన్స్ క్లాక్ మీద నడుస్తున్నాయో లేదో కూడా చూడండి. తర్వాత అల్గారిథం ఏది రాసినా, ఒక్కో శాంపిల్‌కి ఎన్ని గుణకారాలు పడతాయో లెక్క పక్కనే ఉండాలి. వందల యాంటెన్నాలున్న సిస్టమ్‌లో ఒక్కో యాంప్లిఫయర్ చిన్నది, డిస్టార్షన్ కరెక్షన్ కోసం డిజిటల్ సర్క్యూట్ తినే పవర్, యాంప్లిఫయర్‌లో ఆదా అయ్యే పవర్‌ని మించితే ఆ పేపర్ ఎఫ్‌పీజీఏ (మనం ప్రోగ్రాం చేసుకునే డిజిటల్ చిప్) దాకా వెళ్లదు. న్యూరల్ నెట్‌వర్క్‌తో ఒక డీబీ మెరుగయ్యిందని రాసేవాళ్లు ఈ లెక్క దాటేస్తుంటారు, రివ్యూయర్లు మాత్రం దాటనివ్వరు.

ప్రాజెక్టులో చిప్ ఉంటే, అది ఫ్యాబ్ (చిప్ తయారుచేసే ఫ్యాక్టరీ) నుంచి వచ్చేసరికి నెలలు పడుతుంది, వచ్చాక పని చేస్తుందన్న గ్యారంటీ కూడా లేదు. కాబట్టి ల్యాబ్‌లో ఇప్పటికే ఉన్న పాత బోర్డుతో పూర్తయ్యే రెండో సమస్య ఒకటి మొదటి నెలలోనే ప్రొఫెసర్‌తో మాట్లాడి పక్కన పెట్టుకోండి.