స్టెయిన్‌లెస్ స్టీల్ చల్లారేటప్పుడు – 4వ పాఠం: డైలటోమీటర్ గీతను చదవడం

గత పాఠంలో 410 గ్రేడ్ స్టీలును 1000 డిగ్రీల సెల్సియస్‌కు వేడి చేసి, దాదాపు మొత్తం ఆస్టెనైట్‌గా, అంటే స్టీలు బాగా వేడిగా ఉన్నప్పటి పరమాణు అమరికగా, మార్చాం. ఇప్పుడు దాన్ని చల్లారుద్దాం. లోపల జరిగే మార్పు కంటికి కనిపించదు కానీ, నమూనా పొడవులో తెలిసిపోతుంది. డైలటోమీటర్ ఆ పొడవును ఉష్ణోగ్రతతో పాటు నమోదు చేస్తుంది. థర్మోకపుల్‌ను (ఉష్ణోగ్రత కొలిచే తీగల జతను) నమూనా మీదే వెల్డ్ చేయాలి, ఇందులో రాజీ వద్దు. కొలిమి ఉష్ణోగ్రత వేరు, నమూనా ఉష్ణోగ్రత వేరు.

అడ్డంగా ఉష్ణోగ్రత, నిలువుగా పొడవు మార్పు ఉంటాయి కాబట్టి గీతను కుడి నుంచి ఎడమకు చదవండి. మొదట అది తిన్నగా కిందికి దిగుతుంది. అంటే ఆస్టెనైట్ కుంచించుకుంటోంది: 10 మిల్లీమీటర్ల నమూనా ప్రతి 100 డిగ్రీలకు సుమారు 18 మైక్రాన్లు తగ్గుతుంది.

300 డిగ్రీల పరిసరాల్లో గీత పైకి తిరుగుతుంది. చల్లారుతున్న లోహం పొడవు పెరుగుతోంది! ఎన్నిసార్లు చూసినా నాకు ఇది అద్భుతంగానే ఉంటుంది. ఆస్టెనైట్‌లో పరమాణువులు బాగా దగ్గరగా పేర్చుకుని ఉంటాయి, చల్లారేటప్పుడు అది మారే గట్టి రూపం మార్టెన్‌సైట్. దాని అమరికకు ఇంకాస్త చోటు కావాలి. అందుకే ఈ పెరుగుదల.

చాలామంది గీత అడుగున ఉన్న బిందువునే మార్టెన్‌సైట్ మొదలైన చోటు అనుకుంటారు. అది సరికాదు. అక్కడ కుంచించుకోవడం, వ్యాకోచించడం సమానమయ్యాయి, అంతే. మార్పు అంతకు ముందే మొదలైంది. పైనున్న తిన్నని భాగానికి స్కేలు ఆనించి ఎడమకు పొడిగించండి. అసలు గీత ఆ రేఖను వదిలిన చోటే ఆరంభం.

ఎంత మారిందో కూడా తెలుసుకోవచ్చు. మార్పు పూర్తయ్యాక వచ్చే తిన్నని భాగాన్ని కుడికి పొడిగించండి. 1000 డిగ్రీల దగ్గరి పొడవును సున్నాగా తీసుకుంటే, 200 డిగ్రీల దగ్గర ఆస్టెనైట్ రేఖ −144, మార్టెన్‌సైట్ రేఖ −54, అసలు గీత −84 మైక్రాన్ల వద్ద ఉన్నాయనుకుందాం. రేఖల మధ్య దూరం 90, అందులో గీత ఎక్కింది 60. అంటే మూడింట రెండు వంతులు మార్టెన్‌సైట్.

చాలా నెమ్మదిగా చల్లార్చినప్పుడు వంపు 700 డిగ్రీల దగ్గరే కనిపిస్తే అది మార్టెన్‌సైట్ కాదు, ఫెరైట్ (ఇనుము మెత్తని రూపం), కార్బైడ్లు (లోహాలతో కార్బన్ కలిసిన సమ్మేళనాలు). గట్టిదనం కొలిస్తే తక్కువే వస్తుంది. 304 గ్రేడులో గది ఉష్ణోగ్రత దాకా వంపే రాకపోతే యంత్రాన్ని అనుమానించకండి. నికెల్ వల్ల అందులో ఆస్టెనైట్ అలాగే నిలుస్తుంది.

అభ్యాసం: 250 డిగ్రీల వద్ద పై వరుసలోనే విలువలు −135, −48, −98. మార్టెన్‌సైట్ ఎంత?