శ్రీకాకుళం నుంచి కాశీకి క్యాంపర్ వ్యాన్‌లో: పిల్లలతో బయల్దేరే ముందు జాగ్రత్తలు

రోజుకు ఎంత దూరమో ముందే తేల్చుకోండి. పిల్లలుంటే 300 కిలోమీటర్లు చాలు, చీకటి పడేలోపు బండి ఆగిపోవాలి.

• టైర్లలో గాలి బయల్దేరకముందే, చల్లగా ఉన్నప్పుడే చూడాలి. స్టెప్నీలో కూడా.

• ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, ఫాస్టాగ్‌లో డబ్బులు.

• నాకు అన్నిటికంటే టెన్షన్ గ్యాస్ గురించే. తలుపులు మూసి వ్యాన్‌లో స్టవ్ వెలిగించొద్దు. మూసిన చోట స్టవ్ మండితే వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. వంట బయటే చేసుకోండి. బండి నడుస్తున్నంతసేపూ రెగ్యులేటర్ ఆఫ్ చేసి, సిలిండర్‌ను కదలకుండా నిలువుగా బిగించి ఉంచాలి.

• బండి కదులుతుంటే పిల్లల్ని వెనక మంచం మీద పడుకోబెట్టొద్దు. నిద్రొచ్చినా సీటులోనే, బెల్టుతోనే. మా ఇంట్లో దీనికి పెద్ద గొడవే అయింది, నేను మాత్రం ఒప్పుకోలేదు.

• ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, డాక్టర్ రాసిన వాంతుల మందు, అటుకులు, జంతికలు.

• టీకి దిగినా సరే, ఎండలో మూసిన బండిలో పిల్లల్ని వదలొద్దు.

• ఇచ్ఛాపురం దాటితే ఒడిశా, అక్కడ మన తెలుగు అన్నిచోట్లా పనికిరాదు. అత్యవసరానికి 112, హైవే సాయానికి 1033, మీ ఫోన్ నంబరు కాగితం మీద రాసి ప్రతి పిల్లాడి జేబులో పెట్టండి.