ఉద్దానంలో పీహెచ్‌క్యూ-9 అడిగేటప్పుడు

డిసర్టేషన్‌కి సైకాలజీ విద్యార్థులు తరచూ ఎంచుకునే సాధనం పీహెచ్‌క్యూ-9, డిప్రెషన్ లక్షణాలను కొలిచే ప్రశ్నావళి. గత రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. అనుమతి రుసుము లేదు, తెలుగు రూపం దొరుకుతుంది. శ్రీకాకుళం కాలేజీల్లో పంచితే పెద్ద చిక్కేమీ రాదు. అదే జిల్లా ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు, కిడ్నీ జబ్బున్న ఇళ్లకు పట్టుకెళ్తే మాత్రం అదే కాగితం తప్పుదారి పట్టిస్తుంది.

3వ ప్రశ్న నిద్ర గురించి, 4 నీరసం, 5 ఆకలి, 8 కదలికలు మందగించడం. ఈ నాలుగూ కిడ్నీ జబ్బులో ఎలాగూ ఉండేవే. రక్తం తగ్గి నీరసం, రాత్రంతా దురద, కాళ్లు లాగి నిద్ర పట్టకపోవడం, అన్నం చూస్తే వికారం. డయాలసిస్ మనిషి 3, 4, 5 ప్రశ్నలకు మూడేసి, 8వదానికి 2 చెప్పాడనుకోండి, 11 వచ్చేసింది. 10 గానీ ఆపైన గానీ వస్తే కనీసం మధ్యస్థాయి డిప్రెషన్ కింద లెక్క. ఆసక్తి, దిగులు అడిగే 1, 2 ప్రశ్నలకు ఆయన సున్నా చెప్పినా సరే!

అలాగని ఆ నాలుగింటినీ తీసెయ్యకండి. తీస్తే 10 అనే గీతకు అర్థం పోతుంది, వేరే అధ్యయనాలతో పోల్చడానికీ ఉండదు. మొత్తం మామూలుగానే వేసి, పక్కన రెండు వరుసలు పెట్టుకోండి: ఒంటికి సంబంధించిన 3, 4, 5, 8 కలిపి ఒకటి, మనసుకు సంబంధించిన 1, 2, 6 (తన మీద తనకే చిన్నచూపు), 9 (చావు ఆలోచనలు) కలిపి ఒకటి. ఏకాగ్రత అడిగే 7వది విడిగా ఉంచండి, జబ్బు ముదిరితే అదీ తగ్గుతుంది. 1, 2ల్లో కనీసం ఒకదానికి 2 గానీ 3 గానీ వచ్చిందా అన్నది తప్పక చూడాలి. డయాలసిస్ ఉందా, వారానికి ఎన్నిసార్లు, చివరి రిపోర్టులో హిమోగ్లోబిన్ ఎంత అన్నవి కూడా రాసుకోకపోతే తర్వాత విశ్లేషణలో చెయ్యగలిగింది ఏమీ ఉండదు.

డయాలసిస్ మంచం దగ్గర అడగొద్దు. నాలుగు గంటలు పడుకుని, బీపీ పడిపోయి, కండరాలు పట్టేసిన మనిషి ఆ పూట ఎలా ఉన్నాడో చెబుతాడు గానీ రెండు వారాల సంగతి కాదు. పైగా పక్క మంచం అడుగు దూరంలోనే. డయాలసిస్ లేని రోజు, ఇంటి దగ్గర నయం. జీడి కోతల కాలంలో పొద్దున్నే వెళ్తే ఇంట్లో ఎవరూ ఉండరు.

ఫారంలో 2 మార్కుల జవాబైన ‘సగం కంటే ఎక్కువ రోజులు’ అంటే పెద్దవాళ్లు తల ఊపి ఏదో ఒకటి చెప్పేస్తారు. పద్నాలుగు చింతపిక్కలు ముందు పెట్టి, బాగోలేని రోజులకు పక్కకు తియ్యమనండి. 0 లేదా 1 అయితే సున్నా, 2 నుంచి 6 వరకు 1, 7 నుంచి 11 వరకు 2, 12 ఆపైన 3. జట్టులో అందరూ ఇదే కొలత వాడాలి. ‘రెండు వారాలు’ అనే బదులు ‘రెండు సంతల నుంచి’ అంటే కచ్చితంగా గుర్తుచేసుకుంటారు. వివరణ మాటలు కూడా ముందే రాసుకుని అందరూ అవే వాడండి.

ఇద్దరుగా వెళ్లండి. ఒకరు అత్తగారితో కూర్చుని కుటుంబ వివరాలు రాస్తుంటే, రెండోవారు కోడలిని పెరట్లో అడగొచ్చు. ఆశా కార్యకర్త ఊరు పరిచయం చేస్తే చాలు, ప్రశ్నల దగ్గర కూర్చోకూడదు. ఆమెకు ఆ ఇంటి గుట్టు తెలుస్తుందన్న జంకుతో చాలా జవాబులు సున్నా అయిపోతాయి. సంతకం రానివారి వేలిముద్రకు మీ జట్టుకు సంబంధం లేని సాక్షి ఉండాలి.

అన్నిటికంటే జాగ్రత్త కావలసింది 9వ ప్రశ్న దగ్గర. “దేవుడు తీసుకుపోతే బాగుణ్ణు” అన్నది ముసలివాళ్ల ఊతపదం కదా అని సున్నా వేసేస్తుంటారు. చనిపోతే మేలన్న ఆలోచన కూడా ఆ ప్రశ్నలోనే ఉంది, కాబట్టి రోజులు అడిగి మార్కు వెయ్యాల్సిందే. సున్నా కాకపోతే ఫారం పక్కన పెట్టి సూటిగా అడగండి: ఇప్పుడు కూడా అనిపిస్తోందా? ఎలా అని అనుకున్నారా? ఇంతకుముందు ప్రయత్నించారా? అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది భయమే. ఉద్దేశం ఉందని తేలితే మనిషిని ఒంటరిగా వదలకూడదు. అక్కడి నుంచే మీ గైడ్‌కి ఫోన్ చెయ్యండి, 14416 టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కి కలపండి. అది ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది. ఇంట్లో పురుగుమందు ఉంటే నమ్మకమైన బంధువు చేత వేరేచోటికి తీయించండి. ప్రాణాపాయం ఉంటే గోప్యత పాటించలేమన్న మాట సమ్మతి పత్రంలో ముందే ఉండాలి. పోలీసు కేసవుతుందని పాత ప్రయత్నాలను దాచే కుటుంబాలకు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ గురించి చెప్పండి: అలా కాదని రుజువైతే తప్ప, ప్రయత్నించినవారు తీవ్ర ఒత్తిడిలో ఉన్నారనే భావించాలి, శిక్షించకూడదు.

వారం చివర ఎక్సెల్‌లో ఎక్కించేటప్పుడు 9వ జవాబు చూసుకుంటే లాభం లేదు. గడప దాటకముందే చూడాలి.

మొత్తం ఎంత వచ్చినా “మీకు డిప్రెషన్” అనకండి, ఇది వడపోత మాత్రమే. 10 గానీ ఆపైన గానీ వస్తే జిల్లా ప్రభుత్వ ఆసుపత్రి సైకియాట్రీ ఓపీకి చీటీ రాసివ్వండి, నెఫ్రాలజీకి (కిడ్నీ విభాగానికి) వెళ్లే రోజే కలిసొచ్చేలా చూడండి. రెండు బస్సు చార్జీలు పెట్టుకుని ఎవరూ రారు.

ఒక ప్రశ్న మీకే ఎదురవుతుంది: “నీళ్లు పట్టుకెళ్లారు, రక్తం పట్టుకెళ్లారు, ఏటి తేల్చారు?” ఏళ్ల తరబడి పరిశోధకులను చూసిన ఊళ్లు మరి. మందులు గానీ పింఛను గానీ దీనివల్ల రావని మొదటే చెప్పండి. ఫలితాలు చెప్పడానికి వచ్చే నెల ఏదో కూడా చెప్పి, ఆ ప్రయాణ ఖర్చును ప్రాజెక్టు బడ్జెట్‌లో ఇప్పుడే రాసుకోండి.