డబ్ల్యూటీఓ తీర్పు వార్తను రొయ్యల రైతు చదవవలసిన తీరు

ఇందుకూరుపేట వైపు గుంట గట్టున నిలబడి, చెక్ ట్రే పైకెత్తి మేత మిగిలిందో లేదో చూస్తున్న రైతుకు ‘అమెరికా మీద కేసు గెలిచాం’ అని ఫోన్‌లో సందేశం వస్తే, కౌంట్ (కిలోకు తూగే రొయ్యల సంఖ్య) ధర పెరుగుతుందని ఆశపడి రొయ్యలు పట్టడం వాయిదా వేయాలనిపించడం సహజమే. వాయిదా వేసే ముందు ఆ వార్తను కొంత పరీక్షించాలి.

మొదట కేసు ఎవరిదో చూడండి. ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీఓ) ముందు వాది ప్రతివాదులుగా సభ్య ప్రభుత్వాలే ఉంటాయి. రైతుకు, ఎగుమతిదారుకు అక్కడ నేరుగా ఫిర్యాదు చేసే వీలు లేదు. ప్రతి వివాదానికీ ‘డీఎస్’తో మొదలయ్యే సంఖ్య ఉంటుంది. సంస్థ వెబ్‌సైట్‌లో ఆ సంఖ్య కొడితే కేసు ఏ దశలో ఉందో తెలుస్తుంది.

తరువాత, ఏ మేరకు గెలిచారో చూడాలి. డీఎస్ 58 ఇందుకు మంచి పాఠం. తాబేళ్లు తప్పించుకునే జాలీని ట్రాల్ వలకు (బోటు వెనక లాగే వలకు) అమర్చని దేశాల సముద్రపు రొయ్యలను అమెరికా నిషేధించగా, భారత్, మలేషియా, పాకిస్తాన్, థాయిలాండ్ ఫిర్యాదు చేశాయి. 1998లో డబ్ల్యూటీఓ అప్పీలు సంఘం తాబేళ్ల రక్షణ కోసం నిబంధన పెట్టడాన్ని తప్పనలేదు. కరీబియన్ ప్రాంతపు దేశాలకు మూడేళ్లు, మనవంటి దేశాలకు నాలుగు నెలలు గడువిచ్చిన వివక్షనే తప్పుపట్టింది. అమెరికా అమలు తీరును సవరించుకుని నిబంధనను నిలబెట్టుకుంది, దానిపై మలేషియా మళ్లీ వెళ్లినా 2001లో ఓడింది. గుంటల్లో పెంచిన వనామీ రొయ్యకు ఈ షరతు వర్తించదు గానీ, మన మరబోట్లు పట్టే సముద్రపు రొయ్యకు 2019 నుంచి అమెరికా తలుపు మూసే ఉంది. గెలుపు అంటే ఇంత సన్నటిది కూడా కావచ్చు.

అన్నిటికన్నా ముఖ్యంగా, అప్పీలు పడిందేమో చూడండి. కొత్త సభ్యుల నియామకాన్ని అమెరికా అడ్డుకోవడంతో, ఏడుగురు ఉండవలసిన అప్పీలు సంఘం 2019 డిసెంబరు నుంచి పనిచేయడం లేదు. ఓడిన దేశం అప్పీలు చేస్తే వినేవారు లేక తీర్పు నివేదిక అటకెక్కుతుంది. ఇందులో మనమేమీ అమాయకులం కాము: చక్కెర కేసులో 2021 డిసెంబరులో ఓడిన భారత్, అదే నెలలో ఆ దారే పట్టింది.

నివేదిక ఆమోదం పొందినా అమలుకు గడువిస్తారు, అది పదిహేను నెలల దాకా పోవచ్చు. అప్పటికీ ఓడిన దేశం వినకపోతే, అనుమతి తీసుకుని వారి సరుకు మీద మనం సుంకం పెంచుకోవచ్చు. అంతమాత్రాన ఇక్కడి రేవులో ఎక్కిన మన కంటైనర్‌కు అవతలి రేవులో ఒక్క డాలరూ తగ్గదు.

అందుచేత ధర కోసం చూడవలసిన వార్త వేరే ఉంది. భారత రొయ్యల మీద 2005 నుంచి ఉన్న యాంటీ డంపింగ్ సుంకాన్ని (మరీ తక్కువ ధరకు అమ్ముతున్నారంటూ వేసే అదనపు సుంకాన్ని) అమెరికా వాణిజ్య శాఖ ఏటా సమీక్షిస్తుంది. తుది రేటు వెలువడిన రోజున మీ కొనుగోలుదారుకు ఫోన్ చేసి, ఆ రేటు చెప్పి, 30 కౌంట్, 50 కౌంట్ ధరలు విడివిడిగా అడగండి.